మళ్లీ తీయని బొమ్మ

"ఇది అబద్ధం. ఎవరు రాశారిది?"

వదిన గొంతు పెంచలేదు. అయినా వంటగదిలో టీ వడగడుతున్న మరదలి చేతిలో గిన్నె ఒరిగి, సగం టీ గట్టు మీద పడింది.

ముందుగదిలో బల్ల మీద స్కానింగు రిపోర్టు పరిచి ఉంది. ఆరు వారాలుగా బీరువాలో, దుప్పట్ల అడుగున దాచిన రిపోర్టు. పొద్దున్నే చలిగా ఉందని ఇంకో దుప్పటి కోసం బీరువా తెరిచిన వదినకు దుప్పటితో పాటు అదీ దొరికింది.

బల్లకు ఇవతల ఆమె భర్త, వదిన తమ్ముడు, నిలబడి ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. పది అంతస్తుల గోతిలో తాడు పట్టుకుని దిగేటప్పుడు కూడా జంకని వాడు, అక్క ఎదుట తప్పు చేసిన పిల్లాడిలా చొక్కా అంచు నలుపుతున్నాడు.

"అక్కా, నేనే చెబుదామనుకుంటున్నా..."

"ఎప్పుడు? ఆరు వారాల నుంచీ అనుకుంటూనే ఉన్నావా?"

"నువ్వు బెంగ పెట్టుకుంటావని."

"ఆపరేషను అక్కర్లేదు, మందులతో పోతుందన్నావు. నేను నమ్మాను. నమ్మి, రెండుసార్లు ఆ సెలైను ఎక్కించుకున్నాను. వాంతులైతే తగ్గడానికే అనుకున్నాను." వదిన కాగితం మీద వేలు పెట్టి చదివింది. "'కుడి ఊపిరితిత్తికి వెళ్లే పెద్ద రక్తనాళాన్ని గడ్డ చుట్టుకుని ఉంది. నాళం గోడలోకి పాకినట్టు కనిపిస్తోంది. శస్త్రచికిత్సకు అనువు కాదు.' అక్కర్లేకపోవడం, అనువు కాకపోవడం ఒకటేనట్రా?"

భర్త తల దించుకున్నాడు.

వదిన ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. ఒక్క పొల్లు తప్పినా ఆమె కంటపడకుండా పోదు. తప్పులు దొరికాయి గానీ, ఆ యంత్రాల మోతకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వాళ్ల కళ్లలోకి చూడదు, నోటివంక చూస్తుంది.

"సరే, దాచావు. అది నీ పిరికితనం. దాని సంగతి తర్వాత చూద్దాం. నేను అబద్ధమన్నది దీన్ని." వేలు కాగితంలో పైకి జరిగింది. "'రోగి ఊపిరి చక్కగా బిగబట్టి సహకరించారు.' నేనెక్కడ బిగబట్టాను? నాకు బిగబట్టమని ఎవరు చెప్పారు?"

వంటగదిలో ఆమె బట్టతో గట్టు తుడుస్తోంది. టీ ఎప్పుడో ఆరిపోయింది. ఇంకా తుడుస్తూనే ఉంది.

"అది అందరికీ రాసే మాట అయ్యుంటుంది అక్కా."

"అందరికీ రాసే మాటయితే మరీ తప్పు. ఆ గొట్టంలో పడుకున్నాను. ఏదో గొణిగినట్టయింది. మామూలుగా ఊపిరి తీస్తూ పడుకున్నాను. మధ్యలో దగ్గాను కూడా. తర్వాత అయిపోయిందన్నారు."

భర్త వంటగది వైపు తిరిగాడు. "ఏమే, ఆ రోజు డ్యూటీ నీదే కదా? నువ్వుంటే అక్కకి ధైర్యంగా ఉంటుందని నేనే అడిగి వేయించాను."

గుమ్మంలోకి వచ్చి నిలబడిందామె. పద్నాలుగేళ్లుగా స్కానింగు గదిలో పని చేస్తోంది. ఆసుపత్రిలో అందరూ 'స్కానింగమ్మ' అంటారు. కదలకుండా ఉండలేని ముసలివాళ్లనీ ఏడ్చే పిల్లల్నీ కూడా మాటలతో మరిపించి బొమ్మ తీయగలదని పేరు.

"అవునండీ, నేనే."

"మరి?"

వదిన కళ్లు ఆమె పెదాల మీద ఆగాయి.

"అది... అందరికీ వేసే టిక్కే. ముందే అచ్చయి ఉంటుంది," అందామె.

చెబుతుండగానే చెవులు వేడెక్కాయి. ముందే అచ్చయి ఉండదు. ప్రతి గడిలోనూ చేత్తో టిక్కు పెట్టాలి. ఆ రోజు ఆమే పెట్టింది.

 వదిన రిపోర్టు మడిచి, తన చేతిసంచీలో పెట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

*

మధ్యాహ్నం రోగులెవరూ లేని వేళ చూసి, ఆమె స్కానింగు గదిలో వదిన పాత బొమ్మలు కంప్యూటరులో తెరిచింది.

చూడక్కర్లేదు. ఆరు వారాల నుంచీ కళ్లు మూసినా కనిపిస్తున్నవే. అయినా చూసింది.

గడ్డ తెల్లగా ఉంది. పక్కనే రక్తనాళం ఇంకా తెల్లగా ఉంది. రెండింటికీ మధ్య వెంట్రుకంత నల్లటి గీత ఉందా లేదా అన్నదే అసలు సంగతి. ఆ గీత సన్నటి కొవ్వు పొర. అది కనిపిస్తే గడ్డ నాళాన్ని ఆనుకుంది తప్ప అంటుకోలేదని అర్థం. అప్పుడు సర్జను కత్తి పట్టుకుంటాడు. గీత లేకపోతే పట్టుకోడు.

తెర మీద గీత ఉన్నదీ లేనిదీ తెలియడం లేదు. తడి సిరా మీద చెయ్యి రాసినట్టు అంతా అలికేసి ఉంది. నాళానికి రెండు అంచులు. పక్కటెముకకు రెండు నీడలు. ఊపిరి కదిలింది. దగ్గు కదిపింది.

ఆ రోజు కూడా ఇలాగే కనిపించింది. ఇదే కుర్చీలో కూర్చుని చూసింది.

దానికి నాలుగు రోజుల ముందు ఆమె భర్త కోసం ఒక చీటీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. 'మీ అక్క ఇంకా ఎన్నాళ్లుంటారో కాస్త కనుక్కొండి.' అలసిపోయి రాసింది. పరీక్షల కోసమని వారానికి వచ్చిన మనిషి రెండు నెలలయినా కదలలేదని, తన వంటగదిలో తన డబ్బాలన్నీ సర్ది పేర్లు అంటించిందని ఒళ్లు మండి రాసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చీటీ అక్కడే ఉంది. 'కనుక్కొండి'లో 'క్కొ' చుట్టూ ఎర్ర సున్నా. పక్కన, దీర్ఘంతో, గుండ్రటి అక్షరాల్లో 'క్కో'.

భర్త చూడకముందే చించేసింది. వదిన ఆ సంగతి ఎత్తలేదు. ఆమె క్షమించమని అడగలేదు. నాలుగు రోజులు ఒకే ఇంట్లో ఇద్దరూ గోడలతో మాట్లాడినట్టు మాట్లాడుకున్నారు.

ఐదో రోజు వదినను స్కానింగు బల్ల మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. ఎవరికైనా సరే, ముందు పక్కన నిలబడి నాలుగుసార్లు ఊపిరి బిగబట్టడం నేర్పిస్తుంది. వదినకు నేర్పించలేదు. మొహం చెల్లలేదు. సూది గుచ్చి, బయటికొచ్చి, రికార్డు చేసిన గొంతు వినిపించే మీట నొక్కింది. 'ఊపిరి పీల్చండి, బిగబట్టండి' అని స్పీకరు చెప్పింది. ఆ చెవులకు అది వినపడదని ఇంట్లో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

బొమ్మ చెడిపోయిందని చూసింది. మళ్లీ తీయాలంటే లోపలికి వెళ్లాలి. ఆ మొహంలోకి చూడాలి. "వదినా, మరోసారి" అనాలి.

'ఊపిరి బాగా బిగబట్టారు' అన్న గడిలో టిక్కు పెట్టి పంపేసింది.

"ఏంటమ్మా, భోజనానికి వెళ్లలేదా?"

వెనక పెద్ద డాక్టరమ్మ నిలబడి ఉంది. బొమ్మలు చూసి రిపోర్టులు రాసేది ఆవిడే. తెర మీద పేరు చదివి, "మీ వదినగారివి కదూ?" అంది.

ఆమె లేచి నిలబడింది. ముందే కూడదీసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"డాక్టరమ్మా, ఈ బొమ్మ చెడిపోయింది. ఆ రోజే నాకు తెలుసు. తెలిసే టిక్కు పెట్టాను."

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని కుర్చీలో కూర్చుంది. బొమ్మలు ఒక్కొక్కటిగా పైకీ కిందికీ జరిపింది.  

"నేనూ చూశాను అప్పుడు," అంది చివరికి. "మసగ్గా ఉందనుకున్నాను. కింద నీ పేరు చూశాను. స్కానింగమ్మ తీసిందంటే ఇంతకన్నా బాగా రాదు కాబోలు, రోగి పరిస్థితే అలా ఉందేమో అనుకున్నాను. ఆ వేళ ఇరవై ఎనిమిది రిపోర్టులున్నాయి. నిన్ను పిలిచి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు."

"మీ తప్పు కాదండీ..."

"నన్ను క్షమించే పని నువ్వు పెట్టుకోకు." గొంతు కటువుగా వచ్చింది. "ఛాతీ కోయకుండా, గుండెలోకి గొట్టాలు దూర్చకుండా, నాళం సంగతి బయటి నుంచే చెప్పగలిగేది ఈ బొమ్మ. దీన్ని నమ్మి సర్జను చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఎల్లుండి మళ్లీ తీద్దాం. ఈసారి గుండె చప్పుడుని కూడా పట్టుకుని, దెబ్బకీ దెబ్బకీ మధ్య గుండె నిలకడగా ఉన్న క్షణంలో తీద్దాం. ఆవిడకి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తానండీ."

"మీ ఆయనకి?"

ఆమె తెర మీది పాత బొమ్మలు మూసేసింది.

*

సాయంత్రం భర్తకు ఫోను వచ్చింది. ఏదో భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట. అతను వెళ్లాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది.

వదిన కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. జుట్టు పలచబడి నెత్తి కనిపిస్తోంది. ఆమె వెళ్లి ఎదురుగా, నోరు కనిపించేలా, నేల మీద కూర్చుంది.

"వదినా, పొద్దున అబద్ధం చెప్పాను."

వదిన మడత ఆపలేదు. "తెలుసు."

"ఆ టిక్కు నేనే పెట్టాను. బొమ్మ అలికేసినట్టు వచ్చింది. నేను చూశాను."

"చూసి?"

"మళ్లీ తీయాల్సింది. తీయలేదు."

"మిషను చెడిపోయిందా?"

"లేదు."

"బయట జనం ఎక్కువున్నారా?"

"లేదు వదినా. మీ తర్వాత గంటసేపు ఎవరూ లేరు."

"మరెందుకు తీయలేదు?"

"లోపలికి రావాలి. మీతో మాట్లాడాలి. ఆ చీటీ తర్వాత..." కుప్పలోంచి ఒక తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మీ మొహం చూడలేకపోయాను."

చేతిలో తమ్ముడి చొక్కా అలాగే పట్టుకుని వదిన కదలకుండా ఉండిపోయింది.

"దానికా?" అంది. "ఒక్క దీర్ఘం దిద్దానే! ఒక్క దీర్ఘం దిద్దినందుకా?"

"మీరు తిట్టి ఉంటే బాగుండేది."

"తిట్టడానికి నాకు మాత్రం మొహం ఎక్కడుంది? వారానికని వచ్చి పాతుకుపోయాను. నువ్వు రాసింది న్యాయమే కదా అనిపించింది. ఆ న్యాయం ఒప్పుకోలేక తప్పు వెతికాను." చొక్కా మడిచి పక్కన పెట్టింది. "నా సిగ్గు నాది, నీ సిగ్గు నీది. కానీ నువ్వు నీ సిగ్గుని తీసుకొచ్చి నా రొమ్ము మీద పెట్టావు పిల్లా."

ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే వదిన ఓదార్చాల్సి వస్తుందని ఏడవలేదు.

"వాడికి తెలుసా?"

"లేదు. ఈ రాత్రికే..."

"ఆగు. ఎల్లుండి అవనీ. ఆ నాళం బాగుందని తేలితే చెప్పుకోవడం నీకు సులువవుతుంది." లేచి, రెండడుగులు వేసి, ఆయాసంతో గోడ పట్టుకుంది. "బొమ్మ మాత్రం నువ్వే తియ్యి. ఇంకొకళ్లయితే నా చెవుల సంగతి మళ్లీ మొదట్నుంచీ చెప్పుకోవాలి."

*

మళ్లీ బొమ్మ తీసే రోజు భర్త సెలవు పెట్టి వచ్చాడు. స్కానింగు గది బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. అతనికి చెప్పిందల్లా, బొమ్మ సరిగ్గా రాలేదు, మళ్లీ తీస్తారని మాత్రమే. "ఎందుకు రాలేదు?" అని అతను అడగలేదు. అడక్కపోవడమే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

లోపల ఆమె వదిన ఛాతీ మీద గుండె చప్పుడు పట్టే బిళ్లలు అతికించింది. చేతికి సూది పెట్టింది. పక్కన నిలబడి నేర్పించింది.

"తల కొంచెం ఇటు తిప్పండి. నేను ఆ అద్దం వెనక ఉంటాను, ఇక్కడి నుంచి కనిపిస్తుందా? నా చెయ్యి పైకెత్తితే ఊపిరి పీల్చి బిగబట్టండి. దించితే వదలండి. స్పీకరుతో మనకి పనిలేదు."

ఒకసారి చేశారు. వదినకు దగ్గు వచ్చింది. నీళ్లు తాగించి, రెండోసారి చేశారు. మూడోసారి, నాలుగోసారి. ఐదోసారి వదిన పన్నెండు లెక్కపెట్టేదాకా కదలకుండా బిగబట్టింది.

"అచ్చాఫీసులో పెద్దక్షరాల హెడ్డింగు దిద్దేటప్పుడు ఇలాగే బిగబట్టేదాన్ని," అంది వదిన. మొన్నటి తర్వాత మొదటిసారి నవ్వింది. "తప్పు పడితే ఊరంతా చదువుతుంది కదా."

ఇంత పనే. పది నిమిషాల పని. ఆరు వారాల కిందట ఈ పది నిమిషాలు ఇవ్వలేకపోయింది తను.

అద్దం వెనక్కి వచ్చి కూర్చుంది. మందు నాళంలోకి ఎక్కుతున్నట్టు తెర చూపించింది. చెయ్యి పైకెత్తింది. అద్దం అవతల వదిన ఛాతీ నిండుగా లేచి ఆగింది. యంత్రం గిర్రున తిరిగింది.

బొమ్మలు వచ్చాయి.

ఇంత స్పష్టమైన బొమ్మ ఆమె ఈ మధ్య తీయలేదు. ప్రతి అంచూ గీసినట్టు ఉంది. నాళం తెల్లగా, గుండ్రంగా వచ్చి, గడ్డ దగ్గరికి రాగానే ఒక పక్క కొరికేసినట్టు లోపలికి నొక్కుకుపోయింది. నల్లగీత లేదు. కిందికి జరిపింది, లేదు. పైకి జరిపింది. గడ్డ నాళం గోడ దాటి లోపలికి వేలు పెట్టినట్టు పొడుచుకొచ్చింది. ఇందులో అనుమానానికి చోటు లేదు.

అయితే పాత రిపోర్టు నిజమే. బొమ్మ చెడినా మాట చెడలేదు. నా వల్ల ఏమీ మారలేదు.

"అమ్మయ్య," అనుకుంది.

అనుకున్నది పెదాల మీదికి వచ్చేసింది. భుజాలు దిగాయి. ఆరు వారాలుగా మెడ మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయినట్టయింది.

మరుక్షణం తను దేనికి అమ్మయ్య అనుకుందో అర్థమైంది.  అప్పుడు గుర్తొచ్చింది, చెయ్యి ఇంకా పైకే ఉందని. అద్దం అవతల వదిన కళ్లు ఆమె మీదే పెట్టి, మొహం ఎర్రబడి, ఇంకా బిగబట్టే ఉంది.

చటుక్కున చెయ్యి దించేసింది.

ఇంతలో డాక్టరమ్మ వచ్చి భుజం మీదుగా తెర చూసింది. రెండు మూడు బొమ్మలు తిప్పింది. నిట్టూర్చింది.

"గోడ తినేసింది."

"అప్పుడూ ఇంతేనేమో కదండీ?" అడగకూడదనుకుంటూనే అడిగింది ఆమె. "ఆ రిపోర్టులో రాసిందే కదా?"

డాక్టరమ్మ ఆమె వంక చూసింది. కోపం లేదు. జాలీ లేదు.

"రాశాను. ఆ మసక చూసి రాశాను. అప్పటికే పాకిందో, ఈ ఆరు వారాల్లో పాకిందో... ఆ రోజు బొమ్మ సరిగ్గా ఉంటే చెప్పేదాన్ని. అది లేదు. ఇక ఎవరూ చెప్పలేరు. నువ్వూ నేనూ బతికున్నంత కాలం చెప్పలేరు."

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. లేచి వెళ్లిపోయినదేదో మళ్లీ వచ్చి కూర్చుంది. ఈసారి దిగేలా లేదు.

లోపలికి వెళ్లేసరికి వదిన లేచి కూర్చుని ఉంది. సూది తీసేదాకా కూడా ఆగలేదు. చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"అమ్మయ్య అన్నావు."

"వదినా..."

"వినపడలేదులే. పెదాలు చూశాను. అమ్మయ్య అన్నావు, భుజాలు దించావు. నాకు చెప్పక్కర్లేదు పిల్లా, ముప్పై ఏళ్లు చదివిన దాన్ని. నాళం బాగుంది కదూ? పోనీలే. ఆరు వారాలు పోతే పోయాయి. వాడికి నీ సంగతి నేను సర్దిచెబుతాను. చీటీ సంగతి కూడా..."

"బాగోలేదు వదినా."

వదిన ఆమె పెదాలనే చూస్తోంది.

"ఏంటి? మళ్లీ అను."

"నాళం బాగోలేదు. గడ్డ లోపలికి పాకింది. ఆపరేషను అవదు." ఒక్కో మాటా విడివిడిగా, నోరు కనిపించేలా చెప్పింది. అంతకన్నా కష్టమైన పని తన జీవితంలో చేయలేదనుకుంది. అదీ తప్పే. ఇంకొకటి మిగిలి ఉంది.

"మరి..." వదిన చెయ్యి వదల్లేదు. "మరి అమ్మయ్య అని ఎందుకన్నావు?"

యంత్రం చల్లబడుతూ లోపలెక్కడో ఫ్యాను తిరుగుతోంది. ఆమె పారిపోవడానికి చూసింది. ఏదో ఒకటి చెప్పొచ్చు. బొమ్మ బాగా వచ్చిందని అన్నానని చెప్పొచ్చు. వదిన నమ్ముతుంది కూడా. ఆ గదిలో ఇప్పటికే ఒకసారి అలాంటి టిక్కు పెట్టింది తను.

"అయితే నా తప్పేం లేదని," అందామె. "అందుకు."

వదిన చేతిలో ఆమె చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత లేదు. వదిన ఎప్పుడు వదిలిందో కూడా తెలియలేదు.

"సూది తియ్యి."

తీసింది. దూది అదిమింది. వదిన ఆ దూదిని తన వేలితోనే అదిమిపట్టుకుని బల్ల దిగింది. సాయం చేయబోతే అక్కర్లేదన్నట్టు తలూపింది. మెల్లగా నడిచి తలుపు తీసింది.

వరండాలో భర్త దిగ్గున లేచాడు. అక్క మొహం చూశాడు, వెనకే వస్తున్న భార్య మొహం చూశాడు.

"ఏమన్నారక్కా?"

"ఆపరేషను లేదురా," అంది వదిన. మామూలు గొంతుతోనే అంది.

 అక్క భుజం పట్టుకోబోయాడు. వదిన పక్కకు తప్పుకుని, అతను ఇంతసేపూ కూర్చున్న బల్ల మీద కూర్చుంది. ఆయాసం తీరేదాకా ఆగింది.

"ఇంకొకటి కూడా ఉంది. అది నీ పెళ్లాం చెబుతుంది," అంది. అని, కళ్లు మూసుకుంది. ఇక ఎవరి పెదాలూ చూడనన్నట్టు.

అతను ఆమె వైపు తిరిగాడు.